పుట్టలో వేలు ఎవరిది?

రాజుగారి కొడుకులు వేటకెళ్లి తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. ఎందుకెండలేదని ఆరా తీస్తూ పోతే గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పసివాడు అందరూ వరసగా తప్పుకుని చివరికి వ్యవహారం పుట్టలో వేలు పెడితే కుట్టనా అన్న చీమ దగ్గర తేలింది. సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఈ కథకు అచ్చంగా జోడీ కుదిరే ఉదంతం ఒకటుంది. 2008-09 ప్రాంతంలో ఉబుంటు వాడేవాళ్లు కొందరు ఓపెన్‌ఆఫీస్ నుంచి మంగళవారం నాడు ప్రింటు రావడం లేదని ఫిర్యాదు చేశారు. సోమవారం వస్తుంది, బుధవారం వస్తుంది, మంగళవారం మాత్రం రాదు. మనవైపు అయితే మంగళవారం కొత్త పని పెట్టుకోకూడదని పెద్దవాళ్లు అనేవాళ్లే. కానీ ప్రింటర్‌కు ఆ పట్టింపు ఎక్కడిది?

ప్రింటు ఎందుకు రాలేదంటే, అది పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు కాదని ప్రింటర్ డ్రైవర్ స్క్రిప్టు అనుకుంది. ఎందుకనుకుందంటే, 'ఫైల్' అనే యూనిక్స్ కమాండును అడిగితే 'ఇది ఎర్లాంగ్ జామ్ ఫైలు' అని చెప్పింది (ఎర్లాంగ్ ఒక ప్రోగ్రామింగ్ భాష). అది ఎందుకలా చెప్పిందంటే, ఫైలు పైభాగంలో తయారైన తేదీ ఉంది, ఆ తేదీలో మంగళవారానికి ఇంగ్లీషు పొట్టిపేరు 'ట్యూ' ఉంది. మూడక్షరాలకే ఎర్లాంగ్ ఎలా అయిందంటే, 1991 జనవరి 22 నాటి పూర్తి తేదీని (అదీ మంగళవారమే) గుర్తుగా రాయబోయినవారు మధ్యలోని ఖాళీల ముందు పెట్టాల్సిన వాలుగీత పెట్టలేదు. మొదటి ఖాళీ రాగానే గుర్తు అయిపోయిందనుకుంది ప్రోగ్రాము. మిగిలినవి ఆ మూడక్షరాలు. చీమ అక్కడుంది.

ఫైలు రకం కనిపెట్టడం ఎంత నాజూకైన పనో చెప్పడానికి ఇది చాలు. పైకి చూస్తే పరమ సులువు. పేరు చివర డాట్ తర్వాత ఏముందో చూస్తే సరి అనిపిస్తుంది. కానీ పేరు పెట్టేది ఫైలు పంపినవాడు, వాడు ఏమైనా పెట్టుకోవచ్చు. అందుకని లోపలి బైట్లు చూడాలి. పీఎన్‌జీ బొమ్మ 137 అనే బైటుతో మొదలై, ఇంగ్లీషులో 'పీఎన్‌జీ' అన్న మూడక్షరాలు, ఆ తర్వాత 13, 10, 26, 10 అనే బైట్లతో సాగుతుంది. ఆ ఎనిమిదీ యాదృచ్ఛికంగా పెట్టినవి కావు. ఏడు బిట్లే మోసే పాత దారుల్లో వెళితే 137 చెడిపోతుంది; లైను ముగింపులను మార్చేసే సాఫ్ట్‌వేర్ గుండా వెళితే 13, 10 చెడిపోతాయి; 26 వల్ల పాత డాస్‌లో ఆ ఫైలును తెర మీదికి వదిలితే చెత్త పరుచుకోకుండా అక్కడే ఆగుతుంది. ఎనిమిది బైట్లలో ఇంత ముందుచూపు! అందరూ ఇంత మర్యాదస్తులు కారు. వర్డ్ వాడే డాక్స్ ఫైలు తెరిచి చూస్తే జిప్ ఫైలే, 'పీకే' అని మొదలవుతుంది. ఆ రెండక్షరాలు జిప్ సృష్టికర్త ఫిల్ కాట్జ్ పేరులోవి. టార్ ఫైలు తన గుర్తును 257వ బైటు దాకా బయటపెట్టదు.

ఈ గుర్తులన్నిటినీ ఒకచోట పోగేసింది 'ఫైల్' కమాండు. 1973 నవంబరు నాటి యూనిక్స్ నాలుగో కూర్పులోనే అది ఉంది. ఇప్పుడు లినక్స్‌లో మనం వాడేది ఇయాన్ డార్విన్ 1986-87లో స్వేచ్ఛగా పంచుకునేలా కొత్తగా రాసిన కూర్పుకు వారసుడే. దశాబ్దాలుగా దాన్ని క్రిస్టోస్ జూలాస్ కాపాడుతూ వస్తున్నారు. దాని పొట్టలోని అసలు యంత్రమే లిబ్‌మ్యాజిక్ అనే సీ లైబ్రరీ. మిగతా భాషలవాళ్లు చాలామంది ఆ లైబ్రరీనే ఏదో ఒక దారిన తమ ఇంటికి తెచ్చుకున్నారు. ఎలా తెచ్చుకున్నారన్నదే ఇక్కడి విచారణ. పోల్చడానికి ఇద్దరిని ఎంచుకున్నాను. ఒకటి పీహెచ్‌పీ భాషలోని ఫైల్‌ఇన్ఫో. రెండోది ఎలిక్సిర్ భాషలోని జెన్‌మ్యాజిక్. ఇద్దరికీ విద్య ఒకటే, గురువు ఒక్కడే. తేడా అంతా ఆ గురువును ఎక్కడ కూర్చోబెట్టారన్నదాంట్లో ఉంది.

ఏ పుట్టలో ఏ పాముందో తెలియదన్న సామెత అప్‌లోడ్ అయ్యే ఫైళ్లకు సరిగ్గా వర్తిస్తుంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు పంపిన బైట్లను మొట్టమొదట విప్పి చూసేది ఈ లైబ్రరీయే. వైరస్ స్కానర్ కంటే ముందు, బొమ్మను కుదించే కోడ్ కంటే ముందు పుట్టలో వేలు పెట్టేది ఇదే. పైగా సీ భాషలో రాసినది. మెమరీ హద్దు దాటితే అడ్డుకునేవాడు ఉండడు. 5.17కు ముందున్న కూర్పుల్లో ఒక రకం ఫైలు ఇస్తే తనను తానే అంతూపొంతూ లేకుండా పిలుచుకుంటూ పోయి కూలిపోయే లోపం 2014లో బయటపడింది. 5.37 వరకూ ఉన్న కూర్పుల్లో పాత ఆఫీస్ పత్రాల లోపలి పట్టికలు చదివే చోట హద్దు దాటి రాసే లోపం 2019లో బయటపడింది. లిబ్‌మ్యాజిక్ రాసినవాళ్లు అసమర్థులని కాదు. వందలాది ఫార్మాట్ల లోపలికి తొంగిచూసే ఏ సీ కోడ్‌కైనా ఈ గండం ఉంటుంది.

పీహెచ్‌పీ ఏం చేసింది? లిబ్‌మ్యాజిక్‌ను ఇంట్లోనే పెట్టుకుంది. 2009లో వచ్చిన 5.3 కూర్పు నుంచి ఫైల్‌ఇన్ఫో భాషతోపాటే వస్తోంది. లైబ్రరీ కోడ్‌ను తమకు కావలసినట్టు కొద్దిగా మార్చి తమ మూలంలో కలుపుకున్నారు. గుర్తుల పట్టికను కూడా ఒక పెద్ద సీ ఫైలుగా మార్చి ప్రోగ్రాములోనే కూర్చేశారు. వాడేవాడికి ఇంత హాయి ఇంకెక్కడా దొరకదు. ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనక్కర్లేదు, పట్టిక ఎక్కడుందో వెతకనక్కర్లేదు, రెండు లైన్లు రాస్తే జవాబు వస్తుంది. చౌక హోస్టింగ్‌లో వెబ్‌సైటు నడిపే చిన్న పత్రికవాడికీ, ఊళ్లో స్కూలు సైటు చేసిపెట్టే కుర్రాడికీ అదే అందింది. ప్రజాస్వామికమైన ఏర్పాటు అంటే అభ్యంతరం లేదు.

కానీ ఇంట్లో పెట్టుకున్నవాడి జబ్బు ఇంటిది అవుతుంది. అసలు లిబ్‌మ్యాజిక్‌లో లోపం సరిదిద్దితే సరిపోదు. పీహెచ్‌పీవాళ్లు తమ నకలులో మళ్లీ సరిదిద్దాలి, ఆ పీహెచ్‌పీ కూర్పు మన సర్వర్‌కు చేరాలి. 2014 నాటి ఆ లోపానికి పీహెచ్‌పీ విడిగా మరమ్మతు విడుదల చెయ్యవలసి వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ లైబ్రరీని అప్‌డేట్ చేసుకుని హమ్మయ్య అనుకున్నవాడి దగ్గర, పీహెచ్‌పీ పొట్టలో పాతదే పని చేస్తూ ఉంటుంది.

జెన్‌మ్యాజిక్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. లిబ్‌మ్యాజిక్‌ను తన ప్రాసెస్‌లోకి రానివ్వదు. ఒక బుల్లి సీ ప్రోగ్రాము, దాని పేరు 'అప్రెంటిస్', వేరే ప్రాసెస్‌గా లేచి, లిబ్‌మ్యాజిక్‌ను తెరిచి, పట్టిక ఎక్కించుకుని, పైపు చివర కూర్చుంటుంది. ఇవతల నుంచి ఎలిక్సిర్ ఫైలు దారి పంపుతుంది. అవతల నుంచి రకం, ఎన్‌కోడింగ్, వర్ణన తిరిగొస్తాయి. లిబ్‌మ్యాజిక్ మూలంలో కూడా పట్టికలు చదివే భాగానికి అప్రెంటిస్ అనే పేరు. మాంత్రికుడి దగ్గర చేరిన శిష్యుడన్నమాట. ఈ శిష్యుడు ఊడిపడినా, ఉరిపోసుకున్నా పైన కనిపెట్టుకుని ఉన్న సూపర్‌వైజర్ ఇంకొకణ్ణి తెచ్చి అదే పీట మీద కూర్చోబెడుతుంది. సూపర్‌వైజర్‌ను మన పనిస్థలాల్లో మేస్త్రీ అంటాం. ఎలిక్సిర్ పుట్టిన ఎర్లాంగ్ కుటుంబంలో మేస్త్రీ తాను ఇటుక ఎత్తడు, కూలీ పడిపోతే మరొకణ్ణి పిలవడమే అతని పని.

మామూలుగా ఇలాంటి పోలికలు ఇక్కడ తీర్పు ఇచ్చేసి చేతులు దులుపుకుంటాయి: ఒకటి వేగం కోరుకుంది, రెండోది భద్రత కోరుకుంది, ఎవరి అవసరం వారిది అని. నాకు ఆ తీర్పు మీద నమ్మకం లేదు. ఎందుకంటే పీహెచ్‌పీ ఇల్లు ఎలా కట్టారో చూడకుండా ఇచ్చిన తీర్పు అది.

పీహెచ్‌పీని సర్వర్ మీద నడిపే ఎఫ్‌పీఎం ఏర్పాటు చూడండి. పైన ఒక మాస్టర్ ప్రాసెస్, కింద పది, ఇరవై, యాభై వర్కర్ ప్రాసెస్‌లు. ఒక్కో వర్కర్ ఒక సమయంలో ఒక్క అభ్యర్థననే చూస్తుంది. వర్కర్ పొట్టలో ఫైల్‌ఇన్ఫో కూలిందనుకోండి. ఆ వర్కర్ పోతుంది, ఆ ఒక్క అభ్యర్థన పోతుంది, మాస్టర్ ఇంకో వర్కర్‌ను లేపుతుంది. అంటే పీహెచ్‌పీలోనూ మేస్త్రీ ఉన్నాడు! కాకపోతే ఒక అంతస్తు పైన ఉన్నాడు. పోలిక అక్కడితో ఆగదు. ఫలానా ఇన్ని పనులయ్యాక వర్కర్‌ను ఆపి కొత్తది లేపమని ఎఫ్‌పీఎంకు చెప్పే మీట ఉంది. లీకయ్యే లైబ్రరీల పుణ్యమా అని పుట్టిన మీట. జెన్‌మ్యాజిక్‌లోనూ ఇన్ని ఫైళ్లు చూశాక శిష్యుణ్ణి మార్చమని చెప్పే మీట ఉంది. నిర్ణీత వ్యవధిలో ఇంతమంది వర్కర్లు మెమరీ తప్పుతో చస్తే మొత్తం ఏర్పాటును తిరిగి మొదలెట్టే మీట ఎఫ్‌పీఎంలో ఉంది. ఎలిక్సిర్ సూపర్‌వైజర్‌లోనూ దానికి దీటైనది ఉంది. ఒకరినొకరు చూసి రాసుకున్నారని నేననను. వేరువేరు ఊళ్లలో వేరువేరు వడ్రంగులు ఒకేలాంటి గొళ్లెం చేసినట్టు ఉంది వ్యవహారం.

మరి జెన్‌మ్యాజిక్ ఎందుకంత శ్రమపడింది? ఎర్లాంగ్ ఇల్లు కట్టిన తీరు అలాంటిది. 1986లో ఎరిక్సన్ ప్రయోగశాలలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల కోసం మొదలైన ఎర్లాంగ్‌కు, దాని మీదే 2012లో బయటికొచ్చిన ఎలిక్సిర్‌కు ఆధారం బీమ్ అనే యంత్రం. మంగళవారం కథలోని జామ్ ఈ వంశంలోని పాత యంత్రం. బీమ్‌లో ప్రాసెస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్ కాదు, దాని లోపలే పుట్టే అతి తేలికైన చిన్న జీవి. అలాంటివి ఒక్క యంత్రంలో లక్షల సంఖ్యలో బతుకుతాయి. ఒకే సర్వర్ మీద ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లు మోశామని వాట్సాప్ 2012లో చెప్పుకున్నది ఈ యంత్రం మీదే. ఆ చిన్నజీవుల్లో ఒకటి చస్తే పక్కదానికి చీమకుట్టినట్టు కూడా ఉండదు. కానీ అన్నీ కలిసి బతికేది ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్‌లో. సీ కోడ్‌ను నేరుగా అందులోకి ఎక్కించే దారి ఉంది, నిఫ్ అంటారు, 2009 నుంచీ ఉంది. నిఫ్‌లో మెమరీ తప్పు జరిగితే ఆ లక్షల జీవులూ ఒక్కసారే పోతాయి, వాటి మేస్త్రీలు కూడా పోతారు. కాపాడడానికి ఎవరూ మిగలరు. ఒక్క పాడు ఫైలు అప్‌లోడ్ చేసినందుకు అందరి సంభాషణా తెగిపోతుంది.

కాబట్టి ఇద్దరూ ఎంచుకున్నది ఒకే ధర. ఒక ఫైలు చెడ్డదైతే ఒక్క పని పోవాలి, రెండోది పోకూడదు. పీహెచ్‌పీ ఇల్లు ముందే చిన్న చిన్న గదులుగా కట్టి ఉంది కనుక పాముల బుట్టను ఏ గదిలో పెట్టినా ఒక్క గదే పోతుంది. బీమ్ ఇల్లు ఒకే పెద్ద మండువా కనుక బుట్టను వీధరుగు మీద పెట్టాల్సి వచ్చింది. రెండోవాడు మొదటివాడికంటే జాగ్రత్తపరుడని చెప్పడం ఇళ్ల తేడా తెలియకపోవడమే. ఆ మాటకొస్తే పీహెచ్‌పీ తన గదుల కోసం చాలా మెమరీ ఖర్చు పెడుతోంది. బీమ్ ఆ ఖర్చు మిగుల్చుకుని ఒక్క అరుగు మీద పెట్టింది.

వేగం మాటంటారా, ఒక్క పేరాకు మించి విలువ లేదు. పైపులో పంపడానికి పట్టేది అతి స్వల్పం. అసలు ఖర్చు పట్టిక ఎక్కించుకోవడంలో ఉంది, శిష్యుడు దాన్ని ఒక్కసారి ఎక్కించుకుని కూర్చుంటాడు. నెట్‌వర్క్ మీద ఫైలు రావడానికి పట్టిన కాలంతో పోలిస్తే ఇవి రెండూ కనపడవు.

ఇప్పుడు జెన్‌మ్యాజిక్ పద్ధతి మీద నా ఫిర్యాదులు. మొదటిది, మేస్త్రీకి కూలీ పడిపోయాడని తెలుస్తుంది గాని ఎందుకు పడిపోయాడో తెలియదు. ఎలిక్సిర్‌లో మామూలు కొలత ఐదు సెకన్లలో మూడు తిరిగిలేపడాలు. నాలుగోసారి పడితే మేస్త్రీ తానే చేతులెత్తేస్తాడు, వ్యవహారం పైమేస్త్రీ దగ్గరికి పోతుంది. యాదృచ్ఛికంగా జరిగే తప్పులకు ఇది చక్కటి ఏర్పాటు. కాసేపు ఆగితే సర్దుకునే తప్పులకు తిరిగి లేపడమే మందు. కానీ చెడ్డ ఫైలు యాదృచ్ఛికం కాదు. అదే ఫైలు ఎన్నిసార్లిచ్చినా అన్నిసార్లూ చంపుతుంది. దీనికి తోడు మనం వెనక ఒక పని వరస పెట్టి, విఫలమైతే వెంటనే మళ్లీ ప్రయత్నించమని రాసి ఉంటాం. మంచి అలవాటని పుస్తకాలు చెప్పాయి కదా. నాలుగు ప్రయత్నాల్లో ఆ ఒక్క ఫైలు నలుగురు శిష్యులను మింగుతుంది, మేస్త్రీ దిగిపోతాడు, పైమేస్త్రీ కిందనే వెబ్ సర్వర్ కూడా ఉంటే అదీ గోవిందా. నిఫ్ వద్దనుకుని అరుగు మీద పెట్టిన బుట్ట గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఈసారి దారి చూపింది మన మేస్త్రీల వరసే. ఎఫ్‌పీఎంలో ఇదే ఫైలు నలుగురు వర్కర్లను చంపినా మిగతావాళ్లు పని చేస్తూ ఉంటారు, మొత్తం తిరగదోడే మీట మామూలుగా ఆపే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో మొరటు పద్ధతే గెలిచిందని ఒప్పుకోవాలి.

రెండో ఫిర్యాదు చావని శిష్యుడి గురించి. కూలిపోవడం కంటే తిరుగుతూనే ఉండిపోవడం ప్రమాదం. ఎలిక్సిర్ వైపు గడువు దాటిందని పైపు మూసేస్తారు. మూసింది పైపే గాని మనిషిని కాదు. మర్యాదగల ప్రోగ్రాము పైపు మూతపడిందని చూసి తానే వెళ్లిపోతుంది. కానీ చూడాలంటే చదవాలి, చదవాలంటే చేతిలో పని అవ్వాలి. అంతులేని చక్రంలో పడ్డవాడికి తలుపు వేసిన చప్పుడు వినపడదు. వాడు అనాథ ప్రాసెస్‌గా మిగిలి ఒక సీపీయూను నమిలేస్తూ ఉంటాడు. లెక్కల ప్రకారం వాడు లేడు, కొత్త శిష్యుడు పీట మీద ఉన్నాడు, డాష్‌బోర్డు పచ్చగా ఉంది. ఎలిక్సిర్ అధికారిక పత్రాల్లోనే ఈ జాంబీల గురించి హెచ్చరిక, నడుమ ఒక షెల్ స్క్రిప్టు పెట్టుకోమన్న సలహా ఉన్నాయి. ప్రాసెస్ సంఖ్య గుర్తు పెట్టుకుని ఆపరేటింగ్ సిస్టమ్ చేత చంపించకపోతే ఇలా పైపుకు అవతల నడిపే పోర్టు పద్ధతిలో రాసిన ఏ ప్రోగ్రాముకైనా ఈ ఊబి తప్పదు.

పీహెచ్‌పీ ఇక్కడ పూర్తిగా సుఖంగా ఉందా అంటే అదీ లేదు. స్క్రిప్టుకు పెట్టే గడువు గడియారం మోగితే ఒక జెండా లేస్తుంది. ఆ జెండాను చూసేది పీహెచ్‌పీ యంత్రం తన అడుగుకూ అడుగుకూ మధ్య. సీ లైబ్రరీ లోపల చిక్కుకున్నప్పుడు ఆ అడుగే పడదు. 7.1 కూర్పు నుంచి అలాంటప్పుడు ఇంకాస్త ఆగి ప్రాసెస్‌నే ముగించే రెండో గడువు వచ్చింది, పాతవాటికి అదీ లేదు. ఇది కాక బయట నుంచి వర్కర్‌ను చంపే ఎఫ్‌పీఎం గడువు వేరే ఉంది, కాని మామూలుగా అది సున్నా, అంటే లేనట్టే. బయట నుంచి చంపే కత్తి మాత్రం ఇద్దరిళ్లలోనూ గోడకు వేలాడుతూ ఉంది, ఒర విప్పినవాడు లేడు.

మూడోది అసలైన ఫిర్యాదు. కాపలాను మనవాళ్లు కట్టడి అనుకుంటారు. వేరే ప్రాసెస్‌లో పెట్టాం కాబట్టి సురక్షితం అన్న మాట ఎన్ని చోట్ల విన్నానో! కూలిపోయే లోపానికైతే నిజమే. కానీ హద్దు దాటి రాసే లోపాన్ని తెలివైనవాడు వాడుకుంటే ప్రోగ్రాము కూలదు, వాడు చెప్పినట్టు ఆడుతుంది. ఆ ఆడే శిష్యుడు ఎవరి పేరు మీద నడుస్తున్నాడు? మన అప్లికేషన్ నడిచే యూజర్ పేరు మీదే. మనం చదవగల ఫైళ్లన్నీ వాడూ చదవగలడు. పైగా ఫైలు దారి వాడికిచ్చి వాడి చేతే తెరిపిస్తున్నాం కనుక ఆ హక్కులు వాడికి ఉండి తీరాలి. పామును అరుగు మీద పెట్టాం సరే, ఇంటి తాళాలు కూడా దాని పక్కనే పెట్టాం.

ఇక్కడ మూడో పంథాను తెచ్చి ఈ ఇద్దరి పక్కన నిలబెట్టాలి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 'ఫైల్' కమాండును 2015లో నికొలస్ మారియట్ కొత్తగా రాశారు. అందులో ఒక ప్రాసెస్ రెండవుతుంది. పెద్దది ఫైలును తెరుస్తుంది, కానీ లోపల ఏముందో చూడదు. చిన్నది చూస్తుంది, కానీ తాను దేన్నీ తెరవలేదు. బందీగా, హక్కులు వదిలేసుకుని ఉండి, పెద్దది అందించిన తెరిచిన ఫైలును మాత్రమే చదువుతుంది. పుట్టలో వేలు పెట్టేవాడి జేబులో తాళాలు లేవు. ఈ ఏర్పాటులో మేస్త్రీ లేడు, తిరిగి లేపడం లేదు, అందం లేదు. కానీ జెన్‌మ్యాజిక్ అడగని ప్రశ్న ఇది అడిగింది: శిష్యుడు చస్తే ఏం చెయ్యాలని కాదు, శిష్యుడు శత్రువు చేతిలో పడితే ఏం చెయ్యగలడని.

లినక్స్ మీది 'ఫైల్' కమాండుకు కూడా తర్వాత కాలంలో సెక్‌కాంప్ కట్టడి వచ్చింది. అవసరమైన సిస్టమ్ కాల్స్ తప్ప మిగతావి కెర్నెల్ ఒప్పుకోదు. అయితే కంప్రెస్ చేసిన ఫైలు లోపల చూడమంటే బయటి ప్రోగ్రామును పిలవాల్సి రావచ్చు, అప్పుడు ఆ కట్టడిని తీసెయ్యమని మాన్యువల్లే చెబుతుంది. ఎక్కువ ప్రమాదమున్న చోటే చొక్కా విప్పమన్నట్టు ఉంది. ఇంకో వింత ఏమిటంటే, ఆ కట్టడి ఉన్నది కమాండులో, లైబ్రరీలో కాదు. కాబట్టి లిబ్‌మ్యాజిక్‌ను ఇంట్లో పెట్టుకున్న పీహెచ్‌పీకీ అది దక్కలేదు, అరుగు మీద పెట్టుకున్న జెన్‌మ్యాజిక్‌కూ దక్కలేదు. ఏమీ తెలియని కొత్త కుర్రాడు, పెద్దలంతా నవ్వే పద్ధతిలో, ఒక్కో ఫైలుకూ షెల్ నుంచి 'ఫైల్' కమాండును పిలిస్తే, అతని సిస్టమ్‌లో దాన్ని కట్టడితో సహా కూర్చి ఉంటే, ఈ ఇద్దరి కంటే గట్టి రక్షణ అతనిదే. ఫైలు పేర్లను షెల్‌కు ఎలా అప్పగించాడన్నది వేరే సంగతి. అక్కడ జారితే పాము వరకూ పోనక్కర్లేదు.

జెన్‌మ్యాజిక్‌కు న్యాయంగా దక్కాల్సిన మెప్పు ఒకటి మిగిలిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే లిబ్‌మ్యాజిక్‌నే అది వాడుకుంటుంది. మరమ్మతు చేసిన లైబ్రరీ సర్వర్ మీదికి వచ్చాక, శిష్యుణ్ణి మార్చే మీట తిప్పి ఉంచితే తర్వాత లేచే శిష్యుడు కొత్త లైబ్రరీతోనే లేస్తాడు. అప్లికేషన్ ఆపనక్కర్లేదు, ఒక్క కనెక్షన్ తెగదు. లీకు కోసం పెట్టిన మీట మరమ్మతుకు పనికొచ్చింది. ఇంట్లో కలిపేసుకున్న పీహెచ్‌పీకి ఈ వెసులుబాటు లేనే లేదు. పీహెచ్‌పీ ఫైల్‌ఇన్ఫో మీద నా ప్రధానమైన అభ్యంతరం ఇదే, ప్రాసెస్‌లో నడపడం కాదు.

ఇంతసేపూ మాట్లాడింది శిష్యుడు చావడం గురించి. బతికుండి తప్పు చెబితే? మంగళవారం నాడు ఏదీ కూలలేదు. ప్రాసెస్ చక్కగా నడిచింది, సున్నా అని ముగింపు కోడ్ ఇచ్చింది, ఎర్లాంగ్ అని ధీమాగా చెప్పింది. మన తెలుగువాళ్లకు దీని రుచి బాగా తెలుసు. యూనికోడ్ తెలుగు అయితే ప్రతి అక్షరసంకేతం మూడు బైట్లు, 224 తర్వాత 176 గాని 177 గాని వస్తుంది, యూటీఎఫ్-8 అని లిబ్‌మ్యాజిక్ తేలిగ్గా పట్టేస్తుంది. కానీ డీటీపీ రోజుల్లో అను ఫాంట్లలో కొట్టి టెక్స్ట్ ఫైళ్లుగా దాచుకున్నవి ఇచ్చి చూడండి. అవి ఏదో పడమటి ఐరోపా భాష అనో, ఊరూపేరూ లేని ఎనిమిది బిట్ల టెక్స్ట్ అనో చెబుతుంది. దాని తప్పేం లేదు, ఆ బైట్లలో తెలుగు లేదు, తెలుగు ఫాంట్‌లో ఉంది. సంపాదకీయాలు, కథలు, పెళ్లిపత్రికలు, కరపత్రాలు అన్నీ ఆ లెక్కన పరాయి భాషవే. 2024లో గూగుల్ విడుదల చేసిన మ్యాజికా గుర్తుల పట్టికకు బదులు నేర్చుకున్న నమూనాతో ఫైలు రకం ఊహిస్తుంది. కోడ్ ఫైళ్ల మీద మంచి ఫలితమే ఇస్తుంది. ఊహించేది ఏదైనా సరే, తప్పు జవాబును పసిగట్టే మేస్త్రీ ఈ పద్ధతుల్లో దేనిలోనూ లేడు.

నన్నడిగితే ఎలిక్సిర్‌లో రాసేవాడు జెన్‌మ్యాజిక్ దారినే పోవాలి. శిష్యుల మేస్త్రీని వెబ్ సర్వర్‌కు దూరంగా, పడినా దాన్ని లాగని కొమ్మ మీద పెట్టుకోవాలి. శిష్యుణ్ణి చంపిన ఫైలును రెండోసారి అతని ముందు పెట్టకూడదు. గడువు దాటినవాణ్ణి ప్రాసెస్ సంఖ్యతో పట్టుకుని చంపాలి. హక్కులు తగ్గించిన యూజర్ కింద లేపాలి. పీహెచ్‌పీలో రాసేవాడు జెన్‌మ్యాజిక్‌ను చూసి అసూయపడి అలాంటిదే కట్టనక్కర్లేదు. ఎఫ్‌పీఎం గడువు సున్నా నుంచి మార్చి, పీహెచ్‌పీ కూర్పు తాజాగా ఉంచుకుంటే చాలావరకు గట్టెక్కుతాడు.

అసలు చూడాల్సిన లైను ఇంకొకటుంది. జవాబు రానప్పుడు ఫైల్‌ఇన్ఫో 'ఫాల్స్' అనే విలువ తిరిగిస్తుంది, జెన్‌మ్యాజిక్ లోపమన్న గుర్తు, కారణం జంటగా తిరిగిస్తుంది. రెండో పద్ధతి మెరుగని పుస్తకం ప్రకారం చెప్పొచ్చు. దాని కింద ప్రోగ్రామర్ ఏం రాశాడో చూడండి. నేను చదివిన కోడ్‌లో, ఆ భాషలోనూ ఈ భాషలోనూ, ఎక్కువసార్లు కనపడింది ఒకటే: రకం తెలియకపోతే 'అప్లికేషన్ ఆక్టెట్-స్ట్రీమ్', అంటే ఏవో బైట్లు, అనుకుని ఫైలును లోపలికి పంపించేయ్.